గులాబిరంగు క్రిస్మస్ తాత

"సూపర్‌వైజరమ్మను చూసి పని నేర్చుకోండి" అని ఆశ్రమాన్ని చూసుకునే మా పెద్ద సిస్టర్ కొత్తగా చేరిన పిల్లలతో అంటూ ఉండేది. నేర్చుకోండి, నాకేం అభ్యంతరం లేదు. తడిసిన పక్క మనిషిని లేపకుండా ఎలా మార్చాలో, మందు మింగనని మొండికేసిన ముసలాయనను ఎలా బుజ్జగించాలో, అరవడానికి వచ్చిన చుట్టాలను గేటు దాకా మర్యాదగా ఎలా సాగనంపాలో నన్ను చూసి నేర్చుకోవచ్చు. ఒక క్రిస్మస్ రోజున నేను చేసిన పని ఉంది. అది మాత్రం ఎలా చేయకూడదో తెలుసుకోవడానికి చదవండి. ఆ రోజు అక్కడున్న పనివాళ్ళందరికీ తెలిసిన సంగతే కాబట్టి ఇందులో గుట్టేమీ లేదు. తలచుకుంటే మాత్రం ఇప్పటికీ తల కొట్టేసినట్టు ఉంటుంది.

మాది బెంగళూరులో కె.ఆర్.పురం దగ్గర ఒక మిషన్ వాళ్ళు నడిపే వృద్ధాశ్రమం. ఎవరూ లేనివాళ్ళు, అందరూ ఉండి లేనట్టే అయినవాళ్ళు అక్కడికి వస్తారు. నడిపేది క్రైస్తవులే అయినా ఉండేవాళ్ళలో హిందువులే ఎక్కువ. పనివాళ్ళమూ అంతే. నేను తెలుగు మాట్లాడే ములబాగిలు పక్క పల్లె నుంచి కోడలిగా బెంగళూరు వచ్చి, అక్కడ ఆయాగా చేరి, సూపర్‌వైజర్‌గా రిటైరయ్యాను. ఒక గదిలో వెంకటేశ్వరస్వామి పటం, పక్క గదిలో సిలువ, నడవాలో నా కేకలు. ఏళ్ళ తరబడి అలాగే నడిచింది.

నా ఉద్యోగం ఇంకో ఏడాదిలో ముగుస్తుందనగా, వానాకాలంలో కెన్యా నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. ఇరవై దాటి రెండు మూడేళ్ళు ఉంటాయేమో. రెండేళ్ళు సేవ చేయమని అక్కడి మిషన్ వాళ్ళు పంపారు. మా మంచాల మీద పడుకుంటే మోకాళ్ళ కింది నుంచి కాళ్ళు గాల్లో ఉండేవి. నన్ను మేడమ్ అనబోతే, "మేడమ్ గీడమ్ వద్దప్పా, అక్కా అను" అని చెప్పాను. అప్పటి నుంచి "అక్కా" తప్ప ఇంకో పిలుపు లేదు.

దేశం కాని దేశం వచ్చిన మిషనరీ అంటే ఏదో పెద్ద పెద్ద ప్రసంగాలు చేస్తాడనుకుంటారు. ఇతని దినచర్య నేను చెబుతాను వినండి. తెల్లవారుతుండగా మిద్దె మీదికి వెళ్ళి కాసేపు ప్రార్థన. దిగి వచ్చి బెడ్ పాన్లు కడగడం. ముసలాళ్ళకు గడ్డాలు గీయడం. ఎండ రాగానే వీల్ చైర్లు వరసగా బయటికి తోయడం, ఎండ జరిగితే వాటిని జరపడం. తర్వాత అన్నాలు తినిపించడం, మూతులు తుడవడం, గుడ్డలు ఆరేయడం. ఆదివారం సాయంత్రం ఫోన్లో వాళ్ళమ్మతో మాట్లాడేవాడు. ఆ ఒక్కపూట అతని గొంతు పెద్దదయ్యేది.

మొదట్లో మావాళ్ళు అతన్ని ముట్టుకోనివ్వలేదు. ఒక తాతయితే గడ్డం గీయించుకోకుండా పదిరోజులు అలాగే ఉండిపోయాడు. వీధిలో పిల్లలు వెంటపడేవారు, పెద్దవాళ్ళు కనబడకుండా ఫోటోలు తీసేవారు. బస్సులో అతని పక్క సీటు ఖాళీగా ఉన్నా జనం నిలబడే వెళ్ళేవారు. "నాకు ఎప్పుడూ రెండు సీట్లు అక్కా" అని నవ్వేవాడు. నేను మాత్రం, ఏం మనుషులో అని ఆ జనాన్ని తిట్టేదాన్ని. వాళ్ళకంటే నేను చాలా మంచిదాన్నని అప్పట్లో నాకు గట్టి నమ్మకం.

అతన్ని మొదట దగ్గరికి తీసింది ఒక అవ్వ. మా ములబాగిలు పక్కనే ఒకప్పుడు కూలికి కలుపులు తీసిన మనిషి. పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది, మూతి వంకరపోయింది. అతన్ని చూసి భయపడకపోగా, "రంగు సూడు, అచ్చం నా మాదిరే ఉండాడు" అంది. మీ ఊళ్ళో ఏం తింటారో అడగమని నన్ను పీకింది. పిండి వేడినీళ్ళలో పోసి గట్టిగా కెలికి ముద్ద చేసుకుంటామని అతను చేతులతో చూపించాడు. మరుసటి రోజు మధ్యాహ్నం మాకు రాగి సంగటి. అతను పళ్ళెం చూసి ఒక్క కేక వేశాడు. చిన్న ముద్ద తుంచి, బొటనవేలితో గుంట చేసి, పులుసులో ముంచి నోట్లో వేసుకున్నాడు. అవ్వ వంకరమూతితోనే నవ్వింది.

"చూడమ్మీ, సంగటి తినేది నేర్పాల్సిన పన్లేదు. వీడు మనోడే" అంది.

అతనికి తెలుగు నేర్పింది కూడా అవ్వే. అందుకే అతని నోట మా ములబాగిలు తెలుగే వచ్చేది. అవ్వకు మింగడం కష్టం. ఒక చెంచా నోట్లో పెట్టి, గొంతు కదిలేదాకా కాచుకుని, అప్పుడు ఇంకో చెంచా పెట్టాలి. మా ఆయాలకు అంత తీరిక ఎక్కడిది? అతను కాచుకునేవాడు. "తినవ్వా, సల్లగా అయిపోతాది" అంటూ పక్కనే కూర్చునేవాడు. చలికాలం వచ్చేసరికి అవ్వ అతని చేత్తో తప్ప ఎవరి చేత్తోనూ తినడం మానేసింది. అది మంచిది కాదని డాక్టరు అన్నాడు. ఎప్పుడైనా తిండి మానేస్తే ముక్కులో గొట్టం వేయక తప్పదని కూడా చెప్పాడు. గొట్టం వేసిన వాళ్ళలో ఎంతమంది అది తీయించుకుని లేచారో మాకు తెలుసు. అందుకని అవ్వకు అన్నం పెట్టేవేళకు అతన్ని వేరే పనికి పంపకూడదని నేనే నియమం పెట్టాను.

డిసెంబరు వచ్చింది. అతను కాస్త మాట తగ్గించాడు. మా ఊళ్ళో క్రిస్మస్‌కు ఇంట్లో ఎవరూ ఉండరక్కా, అందరూ అందరిళ్ళలోనూ ఉంటారు, అన్నాడు ఒకరోజు గుడ్డలు ఆరేస్తూ. ఇక్కడ కూడా బాగా చేస్తాంలే అన్నాను.

ఆ ఏడు మారతహళ్ళి నుంచి ఒక బిల్డరు గారు క్రిస్మస్‌కు కుటుంబంతో, స్నేహితులతో వచ్చి దుప్పట్లు పంచుతానన్నారు. నచ్చితే మిద్దె మీద సోలార్ వాటర్ హీటర్ పెట్టిస్తానని కూడా సిస్టర్‌తో అన్నారు. మాకు వేడినీళ్ళ కరువు. బెంగళూరు డిసెంబరులో ముసలి ఒళ్ళ మీద గోరువెచ్చటి నీళ్ళు పోస్తే, వాళ్ళు వణికే వణుకు చూడలేం. ఆ హీటరు కోసం నేను ఎవరి కాళ్ళయినా పట్టుకునేదాన్ని.

రెండు రోజుల ముందు ఆయన మేనేజరు ఏర్పాట్లు చూడటానికి వచ్చాడు. ఫారిన్ మిషనరీ ఉన్నారంట కదా, ఆయన చేత దుప్పట్లు ఇప్పిద్దాం అన్నాడు. అదిగో అతనే అని, బకెట్ మోసుకుపోతున్న కుర్రాణ్ణి చూపించాను. మేనేజరు మొహం మారిపోయింది.

"ఓ... ఈయనా? మేం వేరేలా ఎక్స్‌పెక్ట్ చేశాం మేడమ్. గెస్ట్స్ అందరూ పెద్దవాళ్ళు, ఫ్యామిలీస్‌తో వస్తారు. ఫోటోస్ అన్నీ ఆన్‌లైన్‌లో పెడతాం. కొంచెం ఆక్వర్డ్‌గా ఉంటుంది కదా. మీరే ఏదో ఒకటి మేనేజ్ చేయండి."

మేనేజ్ చేయండి అంటే చాలు, నాకు పూనకం వచ్చేది. ఆ మనిషికి సమాధానం చెప్పాల్సిన చోట, నా బుర్ర చకచకా పనిచేసింది.

"దానికేముంది సార్, క్రిస్మస్ తాత వేషం ఏపిస్తా. మాస్కు ఉండాది, గ్లవ్స్ ఉండాయి. ఏమీ కనపడదు" అన్నాను.

ఆ వేషం మా స్టోర్ రూములో ఉండేది. ఎర్ర గౌను, దూది గడ్డం, గులాబిరంగు బుగ్గలున్న ప్లాస్టిక్ మాస్కు, తెల్ల చేతి తొడుగులు. ఏటా వ్యాను డ్రైవరు వేసుకునేవాడు. డ్రైవరు మాస్కు పెట్టుకునేవాడు కాదు, లోపల ఊపిరాడదని గడ్డం మాత్రం కట్టుకునేవాడు. నేను మాస్కు తుడుస్తుంటే మా పెద్ద ఆయా చూసింది. అనంతపురం మనిషి, నోరు కాస్త ఎక్కువ.

"ఆ పిల్లోడికి మొగం లేదా మేడమ్? దీన్నెందుకు తీసినావు?"

"నీ పని నువ్వు చూసుకో" అన్నాను.

అతనికి చెప్పినప్పుడు చాలా సంతోషపడ్డాడు. తర్వాత మాస్కు చేతిలోకి తీసుకుని, "ఇదెందుకక్కా? గడ్డం సాలు కదా" అన్నాడు.

"ఎవరనేది జనాలకు తెలియకూడదప్పా. అదే ఆట" అన్నాను.

అతను మాస్కును అటూ ఇటూ తిప్పి చూశాడు. సరే అక్కా అన్నాడు. అప్పుడే అతనికి అర్థమైపోయిందని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు మాత్రం నా ఏర్పాటుకు నేనే మురిసిపోయాను. మేనేజరు సంతోషం, బిల్డరు సంతోషం, కుర్రాడికి పెద్దవేషం, మాకు వేడినీళ్ళు. ఇంతకంటే ఏం కావాలి?

క్రిస్మస్ రోజు పొద్దున పెద్ద సిస్టర్ చర్చి ఆరాధనకు ఊళ్ళోకి వెళ్ళింది. కార్యక్రమం నా మీద వదిలేసింది. అతిథులు టిఫిన్ వేళకే వస్తామన్నారు. నేను అతనికి వేషం వేయించి స్టోర్ రూములో కూర్చోబెట్టాను. ఎంతకీ కార్లు రాలేదు. అవ్వ టిఫిన్ తినలేదని ఆయా వచ్చి చెప్పింది. అతను లోపలి నుంచి విని, "అక్కా, అవ్వకు తినిపించి వచ్చేస్తా" అన్నాడు.

"ఇప్పుడా? వాళ్ళు ఏ నిమిషమైనా వస్తారు. మళ్ళీ ఇదంతా ఎవరు కడతారు? కూర్చో" అన్నాను. నా నియమం నేనే మింగేశాను.

అతిథులు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. షామియానా కింద కుర్చీలు నిండాయి. బిల్డరు గారిని అంతకుముందు నేను చూడలేదు. కర్నూలు పక్క మనిషి, భారీ గొంతు, ఏ హంగూ లేదు. నా పక్కన ఎర్రగౌనులో క్రిస్మస్ తాత దుప్పట్ల దొంతర పట్టుకుని నిలబడి ఉన్నాడు. బిల్డరు గారు వస్తూనే నన్ను అడిగిన మొదటి మాట ఇది.

"ఏమ్మా, ఈడెవురో ఆఫ్రికా పిల్లోడు మన తెలుగు మాట్లాడ్తాడంట గదా. సిస్టరమ్మ చెప్పింది. యాడుండాడు? పిలిపించు, చూస్తాం. మా ఆడోళ్ళు గూడా ఆయప్పను చూడాలనే వచ్చినారు."

ఆ పెద్దమనిషికి ఏ ఇబ్బందీ లేదు. మేనేజరు ఏదో ఊహించుకున్నాడు, నేను దాన్ని నెత్తికెత్తుకున్నాను. ఇదిగో ఇతనే సార్ అని ఆ మాస్కు తీసేస్తే అక్కడితో సరిపోయేది. అందరూ నవ్వేవారు. కానీ మేనేజరు పక్కనే ఉన్నాడు. మాస్కు ఎందుకు పెట్టావని ఎవరైనా అడిగితే నా దగ్గర చెప్పుకోదగిన మాట లేదు.

"దేవనహళ్ళి పోయినాడు సార్. ఎయిర్‌పోర్టులో ఎవర్నో వదిలేదానికి" అన్నాను.

అతను నాకు జానెడు దూరంలో ఉన్నాడు. అతనికి తెలుగు వచ్చు. దుప్పట్ల దొంతర కొంచెం కదిలింది, అంతే.

పంపకం మొదలైంది. మొదటి దుప్పటి అవ్వకు ఇప్పించాలని నేనే అనుకున్నాను. వీల్ చైరులో తెచ్చారు. బిల్డరు గారి భార్య దుప్పటి కప్పి, ప్రేమగానే, ఒక గిన్నెలో పాయసం తీసుకుని చెంచాతో నోటి దగ్గర పెట్టింది. అవ్వ పళ్ళు బిగించింది. తల అటు తిప్పుకుంది.

"మా అబ్బోడు యాడ? పొద్దున్నుంచీ కనపల్లేదు. వాడొచ్చినాంకే తింటా" అంది.

క్రిస్మస్ తాత దుప్పట్లు బల్ల మీద పెట్టేసి అవ్వ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చెంచా అందుకున్నాడు. ఆ గులాబిరంగు మొహం దగ్గరికొచ్చేసరికి అవ్వ బెదిరిపోయింది. బాగున్న ఎడమ చేత్తో ఆ తెల్లటి తొడుగు చేతిని కొట్టింది. పాయసం అతని గౌను మీద ఒలికింది.

"ఈడెవుడు? పొమ్మను వీణ్ణి! మా పిల్లోణ్ణి యాడికి పంపించేసినారమ్మీ?" అని ఏడవడం మొదలుపెట్టింది.

అతను మాస్కు అంచు మీద చెయ్యి వేశాడు. వేసి, నా వైపు తిరిగాడు. ఆ రెండు కన్నాల్లోంచి నన్ను చూశాడు. తీసెయ్యమంటావా అని అడుగుతున్నాడు. అప్పటికే అతను దేవనహళ్ళిలో ఉన్నాడని అందరి ముందూ చెప్పి ఉన్నాను. నేను వద్దన్నట్టు తల ఊపాను.

అతను చెయ్యి దించేశాడు.

ఆయా అవ్వను లోపలికి తోసుకుపోయింది. పోతూ పోతూ నన్ను చూసిన చూపుకు నేను తల దించుకున్నాను. ఆ ఏడుపు గోడ అవతలి నుంచి వినబడుతూనే ఉంది. అతను మిగిలిన దుప్పట్లన్నీ ఒక్కొక్కరి భుజాల మీద కప్పాడు. ఫోటోలకు నిలబడ్డాడు. పాపం ఎవరి కోసం ఏడుస్తోందమ్మా ఆమె అని బిల్డరు గారు అడిగితే, ఆ ఆఫ్రికా అబ్బాయి కోసమే సార్ అన్నాను. "అయితే బిరీన రమ్మని ఫోను చెయ్యమ్మా ఆయప్పకు" అన్నాడాయన.

కార్లు వెళ్ళిపోగానే అతను మొహం కడుక్కుని నేరుగా అవ్వ దగ్గరికి వెళ్ళాడు. నేను తలుపు దాటి లోపలికి పోలేకపోయాను. అవ్వ అతని చొక్కా పట్టుకుని తిట్టింది, ఏడ్చింది, ఎవడో పాడుమొగమోడు వచ్చి తన నోట్లో ఏదో పెట్టబోయాడని చెప్పింది.

"యాడికి పోతివిరా నన్ను ఇడిసిపెట్టి?"

"దేవనహళ్ళి పోయింటినవ్వా" అన్నాడు.

నేను ఆడిన అబద్ధాన్ని నా కోసం మోశాడు. చెంచా తర్వాత చెంచా, గొంతు కదిలేదాకా కాచుకుంటూ, గిన్నె ఖాళీ చేయించాడు. నేను గుమ్మం బయట నిలబడి ఆ గిన్నె ఖాళీ అయ్యేదాకా చూశాను. ఆ పూట అవ్వ తినకపోయి ఉంటే నేనేమయ్యేదాన్నో నాకు తెలియదు.

తర్వాత నడవాలో అతన్ని ఆపాను. తప్పయిందప్పా అన్నాను. అన్నదాన్ని అంతటితో ఊరుకోకుండా, వేడినీళ్ళ గురించి, హీటరు గురించి, ముసలాళ్ళ వణుకు గురించి చెప్పడం మొదలుపెట్టాను. అతను అంతా విన్నాడు.

"నీళ్ళ కోసమని చెప్పింటే నేనే ఏసుకుంటా ఉంటినక్కా. నువ్వు ఆట అంటివి" అన్నాడు.

సాయంత్రం సిస్టర్ తిరిగి వచ్చి, బిల్డరు గారు అబ్బాయిని చూసి సంతోషించారా అని అడిగింది. ఆయా పూసగుచ్చినట్టు చెప్పేసింది, పనివాళ్ళందరి ముందూ. సిస్టర్ తిట్టలేదు. రేపు నువ్వే ఆయనకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పు అంది. చేశాను. "ఆ పిల్లోడి ముందర మమ్మల్ని గూడా వెదవల్ని చేస్తివి గదమ్మా" అన్నాడు. హీటరు మాత్రం మాట తప్పకుండా పెట్టించాడు. ఆ నీళ్ళతో ముసలాళ్ళకు స్నానాలు చేయిస్తున్నప్పుడల్లా నా ఒళ్ళు మాత్రం చల్లబడేది.

ఇంతవరకూ అందరికీ తెలిసిందే. నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది ఆ సాయంత్రమే జరిగిన ఇంకో చిన్న సంగతి. అది మా ముగ్గురి మధ్యే జరిగింది.

చీకటి పడకముందు వాళ్ళమ్మ వీడియో కాల్ చేసింది. అతను మెట్ల మీద కూర్చుని మాట్లాడుతున్నాడు. వెనక నుంచి వెళ్ళబోతున్న నన్ను చూసి ఆమె ఏదో అంది. అతను పిలిచి నన్ను పక్కన కూర్చోబెట్టాడు. తెరమీద పసుపుపచ్చ తలగుడ్డ కట్టుకున్న పెద్దావిడ, వెనకాల బోలెడంతమంది, పిల్లల గోల. ఆమెకు వాళ్ళ భాష తప్ప రాదు. ఇక్కడి పండుగ ఫోటోలు చూపించమంటోందని అతను నెమ్మదిగా చెప్పాడు. తన దగ్గర ఏమీ లేవని ఆమెతో అంటున్నట్టే ఉంది.

నాకేమో ఆ రోజు ఏదో ఒక మంచి పని చేయాలని ఆత్రం. ముందూ వెనకా చూసుకోకుండా, నా దగ్గర బోలెడున్నాయంటూ నా ఫోన్ తీసి ఆమె ఎదురుగా పెట్టి ఒక్కొక్కటే జరపడం మొదలుపెట్టాను. షామియానా, అతిథులు, దుప్పట్లు. ఆమె కళ్ళు దగ్గరికి పెట్టి చూస్తోంది. ఒకటే మాట మళ్ళీ మళ్ళీ అడుగుతోంది.

"ఏమంటోందప్పా?"

"నేను యాడుండానని అడుగుతా ఉంది."

అప్పుడు తెలిసింది నాకు నేను చూపిస్తున్నదేమిటో. వేలితో ఆ మాస్కు చూపించాను. ఆమె మొదట పకపకా నవ్వింది, వెనకనున్న వాళ్ళను పిలిచి చూపించింది. తర్వాత ఫోటోలో ఏదో గమనించి, నవ్వు తగ్గించి, నన్నే చూస్తూ ఇంకేదో అడిగింది. మొహం సరే, చేతులు కూడా ఎందుకు కప్పారని అడుగుతోందన్నాడు అతను. చెప్పి, నేలచూపులు చూస్తూ నా జవాబు కోసం ఆగాడు.

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం నాకు ఇంకెప్పుడూ రాదు.

"ఈడ శానా చలి అని చెప్పప్పా" అన్నాను.

అతను నేను చెప్పింది చెప్పినట్టే వాళ్ళమ్మకు చెప్పాడు. ఆమె మొహం విప్పారింది. గుండె మీద చెయ్యి వేసుకుని గబగబా చాలాసేపు మాట్లాడింది.

"నీకు థాంక్స్ చెప్పమంటా ఉంది. నువ్వు ఇంత బాగా చూసుకుంటా ఉంటే ఇంక నా గురించి ఆమెకు దిగులు లేదంట" అన్నాడు.

ఆమె తెరమీద రెండు చేతులూ ఎత్తి నాకు దండం పెట్టింది. పెద్దావిడ, పైగా తల్లి, తిరిగి పెట్టకపోతే బాగుండదని నేనూ పెట్టాను. ఆమె మళ్ళీ కొడుకుతో మాటల్లో పడింది. నేను లేచి లోపలికి వచ్చేశాను. అతను నన్ను ఆపలేదు.